గంటకు బదులు గ్రంథములు

విద్యాదానము తక్కిన దానముల వంటిది కాదు. భూమి నిచ్చినవాడు హద్దులు వ్రాసి యీయగలడు. ధనము నిచ్చినవాడు దాని వినియోగమునకు నిబంధన పెట్టగలడు. చదువు నేర్పినవాడు మాత్రము నేర్చినవాని బుద్ధి యెంతవరకు పోవలెనో నిర్ణయింపజాలడు. అమెరికా దేశపు తొలినాళ్ల చరిత్ర యిందుకు మంచి నిదర్శనము.

1630వ సంవత్సరమున జాన్ విన్‌త్రాపు నాయకత్వమున ఇంచుమించు వేయిమంది ఆంగ్లేయులు అట్లాంటిక్ మహాసముద్రము దాటి, ఆదివాసుల సీమయైన మాసచూసెట్స్ తీరమున దిగిరి. వీరిని ప్యూరిటనులందురు. ఇంగ్లాండు రాజ్యమతమునందలి ఆచారములు వీరికి సమ్మతములు కాకుండెను. బైబిలును ప్రతి మనుజుడును స్వయముగా చదివి గ్రహింపవలెననియు, బోధకుడు చెప్పగా వినుట మాత్రమే చాలదనియు వీరి విశ్వాసము. అందుచే అక్షరజ్ఞానము వీరికి మతధర్మములలో నొకటి యయ్యెను.

అడవులు నరకి యిండ్లు కట్టుకొనుచున్న దినములలోనే వీరు 1635లో బోస్టను పట్టణమున లాటిను పాఠశాలను, 1636లో 400 పౌనుల మంజూరుతో ఒక కళాశాలను నెలకొల్పిరి. 1638లో జాన్ హార్వర్డు అను యువ బోధకుడు మరణించుచు తన ఆస్తిలో సగమును, సుమారు 400 గ్రంథములను ఆ కళాశాలకు విడిచెను. అతని పేరే దానికి స్థిరపడెను.

1647లో వెలువడిన శాసనము మరింత గమనింపదగినది. మానవులను దైవగ్రంథజ్ఞానమునకు దూరము చేయుటయే సైతాను పన్నాగమని అది పీఠికలో చెప్పెను. 50 కుటుంబములున్న ప్రతి ఊరును చదువను వ్రాయను నేర్పు ఉపాధ్యాయుని నియమింపవలెననియు, 100 కుటుంబములున్న ఊరు బాలురను కళాశాలకు సిద్ధపరచు పాఠశాల పెట్టవలెననియు విధించెను. ఉపాధ్యాయుని జీతమును తల్లిదండ్రులైనను, ఊరివారందరు కలిసియైనను భరింపవలెను. సంవత్సరమునకు మించి యుపేక్షించినచో ఐదు పౌనుల జరిమానా; ఆ సొమ్ము ఖజానాకు గాక సమీపముననున్న పాఠశాలకే చేరవలెను. కొన్ని ఊళ్లు ఈ శాసనమును సరిగా పాటింపలేదు. అయినను పిల్లల చదువు ఊరి బాధ్యతయను భావము అక్కడ వేరూనెను.

ఇంతటి విద్యాభిమానులకు పరమతసహనము మాత్రము కొరవడెను. మనస్సాక్షిపై ప్రభుత్వమునకు అధికారము లేదనియు, ఆదివాసుల భూమిని వెల యీయక గైకొనుట తగదనియు వాదించిన రోజరు విలియమ్స్ అను బోధకునికి 1635లో బహిష్కారము విధించిరి. అతడు మంచుకాలమున వెడలి, ఆదివాసుల ఆశ్రయము పొంది, 1636లో ప్రావిడెన్సు పట్టణమును స్థాపించి, భిన్నమతములవారికి చోటిచ్చెను. క్వేకరు మతస్థురాలైన మేరీ డయరును బోస్టనులో 1660లో ఉరితీసిరి. తమ మతస్వేచ్ఛకై సముద్రము దాటినవారే పరుల మతస్వేచ్ఛను సహింపలేకపోయిరి.

1692లో సేలెము ప్రాంతమున క్షుద్రవిద్యలు చేసిరను నెపమున 19 మందిని ఉరితీసిరి. తీర్పు చెప్పిన న్యాయాధిపతులలో హార్వర్డు పట్టభద్రులును గలరు. విద్య యున్నంతమాత్రమున వివేకము కలుగదనుటకు ఇంతకంటె సాక్ష్యము వలదు. అయితే వారిలో సామ్యూల్ స్యూయల్ తన దోషమును దాచుకొనలేదు. 1697లో ఒక ఉపవాసదినమున, బోధకుడు తన క్షమాపణ పత్రమును చదువుచుండగా ప్రార్థనామందిరమున సర్వజనుల యెదుట లేచి నిలుచుండెను. 1700లో, సోదరులచే అమ్మబడిన యోసేపు కథను బైబిలు నుండి గైకొని, మనుష్యులను బానిసలుగా విక్రయించుట అధర్మమని చిన్న గ్రంథము ప్రకటించెను. ఉరితీర్పునకు ఆధారమైన గ్రంథమే పశ్చాత్తాపమునకును, న్యాయచింతనకును ఆధారమయ్యెను.

చదువునకు గల యీ శక్తిని బానిసల యజమానులును ఎరుగుదురు. అందుచేతనే దక్షిణ కరొలైనా 1740లో బానిసలకు వ్రాత నేర్పుట నేరమని శాసించెను. బోస్టనులో మాత్రము, 1761లో ఆఫ్రికా నుండి తెచ్చి విక్రయింపబడిన ఫిలిస్ వీట్లీ అను బాలిక యజమాని యింట చదువు నేర్చెను. 1773లో ఆమె పద్యసంపుటము లండనులో అచ్చయ్యెను.

ఆ బోస్టనులోనే 1706లో కొవ్వొత్తులు చేయువాని యింట జన్మించిన బెంజమిన్ ఫ్రాంక్లినునకు పదవయేటనే బడి చదువు ముగిసెను. పుస్తకములే గురువులుగా పెరిగిన అతడు 1731లో ఫిలడెల్ఫియాలో గ్రంథాలయము స్థాపించెను. మొదటి చందాదారులు 50 మంది. తొలుత 40 షిల్లింగులు, పిమ్మట ఏటేట 10 షిల్లింగులు చందా. అతని వృద్ధాప్యమున, అతని పేరు పెట్టుకొనిన మాసచూసెట్స్ గ్రామమొకటి తమ మందిర శిఖరమునకు గంట నిమ్మని కోరెను. శబ్దముకంటె అర్థము మేలని తలచి అతడు గంటకు బదులు గ్రంథములు పంపెను. అవి 116 సంపుటములు. వానిని ఎవరికీయవలెనను వివాదము పుట్టగా, 1790లో గ్రామసభ ఊరివారందరికిని ఉచితముగా ఎరువిచ్చుటకు తీర్మానించెను.

ఒక్క మతగ్రంథమును చదివించుటకై శాసనము చేసిన సీమలోనే, 143 సంవత్సరములకు ఒక గ్రామము తన గ్రంథములను ఎల్లరకును తెరచెను. గంట మ్రోత క్షణములో నణగిపోవును. ఆ గ్రంథములు మాత్రము నేటికిని ఆ ఊరి గ్రంథాలయమున భద్రముగా నున్నవి.