పుట్టింటికి వెళ్ళింది

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. వేసవి సెలవులు. ఒకరోజు పొద్దున్నే మామయ్య ఒక్కరే వచ్చి, ఎనిమిది నెలల పిల్లాణ్ణి మా నాయనమ్మ చేతికిచ్చి, మధ్యాహ్నం బస్సుకే తిరిగి వెళ్ళిపోయారు. అత్తయ్య రాలేదు. వాళ్ళ ఊళ్ళో అడిగినవాళ్ళకి ‘మా కోడలు పుట్టింటికి వెళ్ళింది’ అని చెప్పారని తర్వాతెప్పుడో తెలిసింది. ఆమె పుట్టిల్లు మాదే. మా ఇంట్లో ఆమె లేదు. నగరంలో ఒక మానసిక చికిత్సాలయంలో ఉంది. కాన్పు తర్వాత నిద్ర పోయి, పిల్లాణ్ణి ఎవరో ఎత్తుకుపోతారని రాత్రంతా తలుపు దగ్గరే కూర్చునేదట. రెండు నెలల తర్వాత ఆమె వచ్చేసరికి పిల్లాడు తల్లిని గుర్తుపట్టలేదు. నాయనమ్మ భుజం వదల్లేదు.

ఇప్పుడు సాహిత్యంలో స్త్రీల ‘పిచ్చి’ గురించి చదివీ, రాసీ కొంత కాలం గడిచాక ఆ అబద్ధం గురించి మళ్ళీ ఆలోచిస్తున్నాను. వాళ్ళు ఆ మాటే ఎందుకు ఎంచుకున్నారు? కష్టమొచ్చిన ఆడది నాలుగు రోజులు తలదాచుకుని, తేరుకుని, మళ్ళీ తన బతుకులోకి రావడానికి మన భాషలో ఉన్న ఒకే ఒక గౌరవప్రదమైన మాట ‘పుట్టింటికి వెళ్ళడం’. ఆ పుట్టిల్లు లేనివాళ్ళకి, ఉన్నా తలుపు తెరవనివాళ్ళకి, ఇంటికీ ఆసుపత్రికీ మధ్య ఒక చోటు ఎక్కడైనా ఉందా? ఈ ప్రశ్నతోనే కొంత చరిత్ర వెతికాను.

ఆ చరిత్రలో ముందు కనిపించేది బందిఖానా. 1860లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో ఎలిజబెత్ పాకర్డ్ అనే ఆరుగురు పిల్లల తల్లిని, మతవిషయాల్లో తనతో విభేదించిందని, ఆమె భర్త పిచ్చాసుపత్రిలో చేర్పించాడు. ఆయన చర్చి పాస్టరు. పెళ్ళయిన స్త్రీని చేర్చడానికి భర్త కోరిక, ఆసుపత్రి అధికారి అంగీకారం ఉంటే చాలు, బహిరంగ విచారణ అక్కర్లేదని అప్పటి అక్కడి చట్టం. మూడేళ్ళు లోపలున్నాక బయటికొచ్చి, 1864లో జూరీ ముందు తనకు మతి స్థిమితంగానే ఉందని నిరూపించుకుంది. తర్వాత జీవితమంతా చట్టాల మార్పు కోసం పోరాడింది. పాకర్డ్ తెచ్చిన మార్పు పెద్దది. అయితే అది లోపలికి నెట్టకుండా ఆపే హక్కు. నిజంగానే మనసు చెదిరి, సాయం కావాలనుకున్న స్త్రీ ఎక్కడికి వెళ్ళాలన్న ప్రశ్న అలాగే ఉండిపోయింది.

దానికి జవాబు వెతికిన ప్రయత్నాల్లో రెండు 1971లోనే మొదలయ్యాయి. లండన్‌లోని చిజ్విక్‌లో, భర్తల చేత దెబ్బలు తిన్న స్త్రీలు పిల్లలతో సహా వచ్చి ఉండే ఆశ్రయం వెలిసింది. అదే ఏడు కాలిఫోర్నియాలోని శాన్ హొసేలో లోరెన్ మోషర్ అనే సైకియాట్రిస్టు చొరవతో ‘సొటీరియా హౌస్’ మొదలైంది. మామూలు వీధిలో మామూలు ఇల్లు. మొదటిసారి తీవ్రమైన మనోవ్యాధికి లోనైన యువతీయువకులు కొద్దిమంది అందులో ఉండేవారు. వాళ్ళతో ఉండే సిబ్బందిలో ఎక్కువమంది వైద్యవృత్తికి చెందనివాళ్ళు. మందులు వీలైనంత తక్కువగా వాడేవారు. పక్కన మనిషి ఉండటమే ముఖ్యమైన చికిత్స అనుకున్నారు. నిధులు ఆగిపోయి 1983లో అది మూతపడింది. మొదటి ఇల్లు స్త్రీలది, అక్కడ మనోవ్యాధి లెక్కలో లేదు. రెండోది మనోవ్యాధిది, అక్కడ స్త్రీ విడిగా లెక్కలో లేదు.

ఈ రెండు దారులూ కలిసిన చోటు నాకు కనిపించింది ఉత్తర లండన్‌లోని డ్రేటన్ పార్క్‌లో. 1995 డిసెంబరులో అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవలో భాగంగా స్త్రీల కోసమే ఒక క్రైసిస్ హౌస్ తెరిచారు. ఆసుపత్రిలో చేర్చాల్సినంత తీవ్రస్థితిలో ఉన్న స్త్రీలు ఆసుపత్రికి బదులు కొన్ని రోజులో, కొన్ని వారాలో ఉండే ఇల్లు అది. పన్నెండు మంది స్త్రీలకి చోటు. సిబ్బంది అందరూ స్త్రీలే. డాక్టరు చీటీ లేకుండా తనంతట తాను ఫోన్ చేసి రావచ్చు. స్త్రీపురుషులు కలిసి ఉండే సైకియాట్రిక్ వార్డుల్లో స్త్రీలకు భద్రత లేదన్న ఫిర్యాదులు బ్రిటన్‌లో బలంగా వినిపిస్తున్న కాలం అది. చిన్ననాటి నుంచీ లైంగిక హింస అనుభవించిన స్త్రీకి అలాంటి వార్డు ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

ఆ ఇంటి గురించి చదువుతూ ఒక వివరం దగ్గర ఆగిపోయాను. పన్నెండు మంది స్త్రీలతో పాటు నలుగురు పిల్లలకి కూడా అక్కడ చోటుంది. మా నాయనమ్మ భుజం మీద పిల్లాడు గుర్తొచ్చాడు.

ఇలాంటి ఇళ్ళు ఆసుపత్రిని అనవసరం చేస్తాయని నేను అనటం లేదు. బలవంతాన ఆపి ఉంచాల్సిన స్థితిలో ఉన్నవాళ్ళని అవి చేర్చుకోలేవు. లండన్‌లోని స్త్రీల క్రైసిస్ హౌసులనీ వార్డులనీ పోల్చి 2010లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, కోలుకోవడంలో రెండింటికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. తాము కోరుకున్న చోట ఉండగలిగిన స్త్రీలు మాత్రం ఎక్కువ తృప్తి చెందారు. నాకది చిన్న విషయంగా తోచలేదు. ‘నీకెక్కడ ఉండాలని ఉంది?’ అని మా అత్తయ్యని ఆ రెండు నెలల్లో ఎవరూ అడగలేదు.

మన దేశంలో ఆలోచన వేరే దారిలో నడిచింది. 1950లలో అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ ఆవరణలో గుడారాలు వేయించి రోగుల కుటుంబాలను వాళ్ళతోనే ఉంచారు. వెల్లూరు సిఎంసిలో 1957లో మొదలైన మానసిక ఆరోగ్య కేంద్రం కూడా కుటుంబంతో కలిసి ఉండే పద్ధతినే పెంచింది. రోగిని గదిలో పెట్టి తాళం వేసే రోజుల్లో ఇది ఎంతో మానవీయమైన మార్పు. కానీ భర్తకో కొడుక్కో జబ్బు చేస్తే గుడారంలో కూర్చునే మనిషి ఎప్పుడూ ఉంటుంది: భార్య, తల్లి. భార్యకే జబ్బు చేస్తే? మనోవ్యాధి కారణంగా పెళ్ళి విచ్ఛిన్నమైన స్త్రీల మీద చెన్నైలోని స్కార్ఫ్ సంస్థ పరిశోధకులు 2003లో ప్రచురించిన అధ్యయనం చూస్తే, ఆ బరువు చాలావరకు ముసలి తల్లిదండ్రుల మీదే పడింది. ‘సమాజంలోనే సంరక్షణ’ అన్నప్పుడల్లా ఆ సమాజం ఏ ఇంట్లో, ఎవరి చేతులతో పనిచేస్తుందో మనం అడగాలి.

మనకి షార్ట్ స్టే హోమ్స్ లేవా అంటే, ఉండేవి. కేంద్ర ప్రభుత్వం 1969లో ఆ పథకం మొదలుపెట్టింది. కుటుంబ సమస్యలు, సామాజిక బహిష్కరణలతో పాటు ‘మానసిక ఒత్తిడి’ని కూడా ఆశ్రయమివ్వడానికి ఒక కారణంగా అందులో గుర్తించారు. 1999లో దాని బాధ్యత కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి వచ్చింది. 1953లో ఆ మండలికి తొలి అధ్యక్షురాలు మన దుర్గాబాయి దేశ్‌ముఖ్. ఇంత దగ్గరగా వచ్చిన ఆలోచన మానసిక ఆరోగ్య సేవగా ఎదగలేదు. ఆశ్రయం ఒక శాఖది, మనోవ్యాధి మరో శాఖది అయిపోయాయి.

1990లలో హైదరాబాదు అన్వేషితో కలిసి పనిచేసిన భార్గవి దావర్ ఈ గోడనే ప్రశ్నించింది. భారతీయ స్త్రీల మానసిక ఆరోగ్యం మీద 1999లో ఆమె రాసిన పుస్తకం, అదే ఏడు తల్లి పేరిట పుణెలో ఆమె మొదలుపెట్టిన బాపు ట్రస్ట్ ఒకే ఆలోచనకి రెండు రూపాలు. చిన్నప్పుడు మానసిక చికిత్సాలయాల్లో ఉన్న తల్లిని చూసిన కూతురామె. 2024లో ఆమె మనకి దూరమైంది.

2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది మంటల్లో కాలిపోయారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం అలా గొలుసులతో కట్టేయడాన్ని నిషేధించింది. హాఫ్‌వే హోమ్‌లు, ఆసరాతో కూడిన నివాసాలు ప్రభుత్వం ఏర్పాటు చెయ్యాలంది. 21వ సెక్షన్‌లో ఒక చిన్న క్లాజు ఉంది: చికిత్స పొందుతున్న తల్లి నుంచి మూడేళ్ళలోపు బిడ్డను సాధారణంగా వేరుచేయకూడదు.

పోయిన సంక్రాంతికి ఆ క్లాజు తెలుగులో చెప్పి వినిపించాను అత్తయ్యకి. ఆమెకిప్పుడు అరవై దాటాయి. చేతిలో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూనే వింది.

“మందులు మంచివేనే, నిద్ర పట్టించాయి. కాదనను,” అంది. “వాణ్ణి కళ్ళముందు పెట్టుకుని నాలుగు రోజులు నిద్రపోయే చోటుంటే బావుండేది. ఇంతకీ, అలాంటిది మన దగ్గర ఎక్కడుందీ?”

నేను చట్టం పేరు మళ్ళీ చెప్పాను. ఆమె అడిగింది అడ్రసు.