కటారి కథ

మా చిన్నతనమున పుంగనూరులో బంధువుల యింట మహర్నవమి నాడు ఒక పెట్టె తెరిచెడివారు. ఎర్రని పాతగుడ్డలో చుట్టిన కటారి నొకదానిని వెలికి తీసి, నూనె రాచి, పసుపు కుంకుమలు పెట్టి, తాళపత్రముల ప్రక్కన నుంచి పూజించెడివారు. మరునాడు అది మరల పెట్టెలోనికి పోయెడిది. పిల్లలము దానిని తాకరాదు. ఎన్నో యేండ్ల తరువాత ఆ యింటికి పోయి, కటారి యేదని అడిగితిని. పాత సామానులు కొనువాడు వచ్చినప్పుడు ఇత్తడి బిందెలతో పాటు తూకమున కిచ్చివేసితిమని చెప్పిరి. అది ఎవరిది, ఏ కాలమునాటిది అన్న ప్రశ్నకు ఆ యింట జవాబు చెప్పగలవా రెవరును మిగులలేదు.

పోయినది మూరెడు ఇనుము మాత్రమే అయినచో చింతింపవలసిన పని లేదు. కాని కటారి సామాన్యమైన కత్తి కాదు. బాకునకు పిడి అలుగునకు తిన్నగా నుండును. దానిని పిడికిట పట్టి పైనుండి క్రిందికో, ప్రక్కకో పొడువవలెను. కటారికి పిడి అడ్డముగా నుండును. రెండు ఇనుప పట్టీలు ముంజేతికి ఇరువైపుల సాగుచుండగా, వాటి నడుమనున్న అడ్డుకమ్మిని పిడికిలి బిగించి పట్టుకొందురు. అప్పుడు అలుగు పిడికిలికి ముందు, ముంజేతికి సూటిగా నిలుచును. గుద్దు గుద్దినట్లు పొడిచినప్పుడు భుజబలమంతయు మొనకే చేరును. అలుగు మొదట వెడల్పై కొన కోసుగా నుండును. మొనను మాత్రము కావలెనని దళసరిగా చేసెడివారు. గొలుసుకవచమును వంగకుండ ఛేదించుటకే ఈ యేర్పాటు. ప్రక్కపట్టీలు ఎదిరి వ్రేటునుండి చేతిని కొంత కాపాడును. అనగా ఇది వంటకో వేటకో పుట్టి యుద్ధమునకు పోయిన కత్తి కాదు; దగ్గరి పోరాటము కొరకే పుట్టినది.

14వ శతాబ్దిలో మన దేశమునకు వచ్చిన మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా, నాగటికఱ్ఱును పోలి, చేయి లోనికి దూర్చి పట్టు ఇనుప ఆయుధమును వర్ణించెను. తెలుగువారికి ఈ పేరు ఇంకను దగ్గరిది. చంద్రగిరిని ఏలి, 1485లో విజయనగర సింహాసన మెక్కిన సాళువ నరసింహుని వంశమునకు ‘కఠారి సాళువ’ అను బిరుదు కలదు. సాళువ మనగా డేగ. డేగను, కటారిని ఒక్క బిరుదులో కూర్చుకొన్న రాజులు మన చిత్తూరు సీమనుండి లేచినవారే యన్నమాట.

1565లో రాక్షసి తంగడి యుద్ధము జరిగినను ఈ విద్య అంతరింపలేదు. దక్షిణమున తంజావూరు నేలిన తెలుగు నాయకుల ఆయుధశాలలో అది వికసించినది. అక్కడి కటారులకు పిడికిలిపై ఆకువలె వంగిన ఇనుప రేకు, దానిపై యాళి ముఖములు, లతలు కనబడును. చిత్ర మేమనగా, ఇంత దేశీయమైన పిడులకు పెక్కింట బిగించినవి పాశ్చాత్యపు కత్తుల అలుగులు! పోర్చుగీసువారి ఓడలలో వచ్చిన పొడుగు కత్తులను తెగగోసి, లేక విరిగిన వాటి తునకలను సానపట్టి వాడిరి. మన ఉక్కు తక్కువైనదని కాదు. నిజామాబాదు సీమలోని కోనసముద్రపు మూస ఉక్కు కొరకు పారశీక వర్తకులు 19వ శతాబ్ది ఆరంభములో కూడ వచ్చుచుండిరి. మేలైన అలుగు ఎక్కడ దొరికినను దానిని విడువరాదనుటయే ఆనాటి కమ్మరి నీతి.

ఇక మన పాళెగాండ్ర కాలము. పుంగనూరు పాళెము, కుప్పము ముఖ్యస్థానముగా గల కంగుంది పాళెము, మదనపల్లెకు సమీపమున గుఱ్ఱముకొండ దుర్గము—ఈ సీమయంతయు మైసూరు, కడప, ఆర్కాటు బలములు నడిచిన దారి. పాళెగాని బలము కట్టుబడి బంట్రోతులు. వారికి జీతము రొక్కముగా గాక భూమిగా ముట్టెడిది. పిలుపు వచ్చిన దినమున ఆయుధముతో నిలువవలెను. ఇట్టి కుటుంబములలో కత్తియే కౌలు కాగితము వంటిది.

1800లో నిజాము దత్తమండలములను కంపెనీకి విడిచెను. 1807 వరకు ప్రధాన కలెక్టరుగా నున్న థామస్ మన్రో, అక్కడి సుమారు 80 మంది పాళెగాండ్ర సైనికబలమును విరిచి, కట్టుబడిని రద్దు చేసెను. 1804లో చిత్తూరు పాళెగాండ్రు తిరుగబడి అణచివేయబడిరి. 1854లో మలబారున మాపిళ్ళల యుద్ధపు కత్తులను నిషేధించుచు ప్రత్యేకముగ నొక చట్టమే వచ్చినది. 1878 ఆయుధ చట్టము దేశమంతటికి వర్తించినది. ఇట్లు మూడు తరములలో, నడుమున నుండవలసిన కటారి పెట్టెలోనికి పోయి పూజావస్తువైనది. తంజావూరు ఆయుధశాల గతి ఇంకను దీనము. 1855లో కడపటి మహారాష్ట్ర రాజు మరణించిన కొన్నేండ్లకు దానిని ఎత్తివేసిరి. ఎన్నిక చేసిన కొన్ని మద్రాసు మ్యూజియమునకు చేరినవి. తక్కిన వానిలో ఎన్నో విరుగగొట్టబడి లోహముగా పోయినవి.

యుద్ధమున పనిలేని ఆయుధమునకు అందము మీద శ్రద్ధ పెరుగును. ఉత్తరాది దర్బారులలో కటారి హోదాకు గుర్తైనది. పిడికి బంగారు తీగ పొదిగిరి; పట్టీలకు చిన్న పిస్తోళ్ళు తగిలించిరి; పిడి నొక్కగానే కత్తెరవలె అలుగు విచ్చుకొనునట్లు చేసిరి. ఇవి చూపరుల ముచ్చటకే గాని పోరునకు పనికిరావు. 1851 లండను మహాప్రదర్శనము తరువాత విదేశీయులలో భారతీయాయుధములపై మోజు హెచ్చినది. నేడును సేకరణకర్తలు దేశదేశముల వీనికై వెదకుచుందురు. ఎరిగినవారు బంగారమును గాక మొన దళసరిని, అలుగు నడిమి ఈనెను, పిడిపై చేతి ఒరపిడిని చూతురు. నిజముగా నడుమున మోసిన కటారికిని, సంతకై చేసిన దానికిని భేద మక్కడ తెలియును.

అయితే గాజుపెట్టెలోని కటారి ఏ రాజ్యముదో చెప్పును గాని, ఎవని నడుమున నుండెనో చెప్పదు. ఆ సంగతి తెలిసినది దానిని దాచిన యింటికి మాత్రమే. నూరేండ్లు దాటిన పురావస్తువును దేశము దాటింపరాదని 1972 చట్టము శాసించుచున్నది. కాని వస్తువుతో పోవు జ్ఞాపకమును ఏ చట్టము ఆపగలదు? కావున మీ యింటి అటకపైన, పాతపెట్టె అడుగున అట్టిది ఏదేని యున్నచో, త్రుప్పు రాలగొట్టుటకు ముందు, తూకము వేయించుటకు ముందు, ఇంట పెద్దవారి నడుగుడు. వారు చెప్పిన నాలుగు మాటలు కాగితముపై వ్రాసి దానితో నుంచుడు. పుంగనూరు పెట్టెలోని కటారి విషయమున మా వారు చేయనిది ఆ ఒక్క పనియే.