కెరటము కబురంపిన వేళ

దూరదేశమున మంచి కెరటములు రానున్నవని బుధవారమునాడు తెలిసికొని, శుక్రవారము రాత్రి విమానమెక్కి, ఆదివారము ఉదయమునకెల్ల పరదేశపు కడలిలో బోర్డులపై బోర్లపరుండి అలకై ఎదురుచూచు ఆలుమగలు నేడు అరుదు కారు. ఇంటి పెద్దలకు ఇది వట్టి తొందరపాటుగను, ధనమునకును కాలమునకును విలువ నెరుంగని వయసు వేడుకగను తోచవచ్చును. కాని సర్ఫింగు అను ఈ తరంగక్రీడ గడచివచ్చిన త్రోవను కొంత ఓపికతో పరిశీలించినచో, ఆఖరి నిమిషమున కుదుర్చుకొను ఈ ప్రయాణము చాపల్యమువలన పుట్టినది కాదనియు, సముద్రముయొక్క స్వభావమే దానికి ఈ రూపమును కల్పించినదనియు నాకు నిశ్చయముగా తోచుచున్నది.

ఈ క్రీడ పూర్ణవికాసము నొందినది పసిఫిక్ మహాసముద్ర మధ్యమున నున్న హవాయి దీవులలో. కెప్టెన్ కుక్కు నౌకలలో వచ్చిన లెఫ్టినెంటు జేమ్సు కింగు, 1779లో కెయలకెకువా అఖాతమున ద్వీపవాసులు కొయ్యపలకలపై పరుండి, మహాతరంగముల నెక్కి తీరమునకు దూసుకొనివచ్చుటను చూచి అబ్బురపడి గ్రంథస్థము చేసెను. నాడు అక్కడ ఈ క్రీడకు స్త్రీపురుష భేదము లేదు. రాజును రాణియు, సామాన్య స్త్రీపురుషులును గూడ అలలపైకి పోవుచుండిరి. దీవుల నన్నిటిని ఏకచ్ఛత్రము క్రిందికి దెచ్చిన కమేహమేహా మహారాజును, ఆయన రాణి కఆహుమానుయు ఈ విద్యలో ప్రసిద్ధులు. ఒకే కెరటముపై ఒక యువతియు యువకుడును కలిసి తీరము చేరుట ప్రణయమునకు నాందిగా ఎన్నబడుచుండెనట. దంపతుల తరంగయాత్రకు మూలమును వెదకబోయిన, అది ఓడలకును విమానములకును చాల పూర్వమే అక్కడ కనబడును. 1820లో క్రైస్తవ మతప్రచారకులు వచ్చిన పిమ్మట ఈ వినోదమునకు ఆదరము తగ్గెను. వెలుపలినుండి వచ్చిన వ్యాధులవలన జనులే క్షీణించిరి. ఆ శతాబ్ది ముగియునాటికి బోర్డు పట్టువారు కొద్దిమందియే మిగిలిరి.

1907లో అమెరికా రచయిత జాక్ లండనును ఆయన భార్య చార్మియనును, తాము కట్టించుకొన్న స్నార్కు అను చిన్న ఓడలో శాన్ ఫ్రాన్సిస్కోనుండి బయలుదేరి హవాయి చేరిరి. వారు అలలకై వచ్చినవారు కారు, భూప్రదక్షిణమునకు వెడలినవారు. వైకీకీ తీరమున అలెగ్జాండరు హ్యూం ఫోర్డు అనునాతడు లండనుకు బోర్డు ఎక్కుట నేర్పగా, తొలిదినముననే ఎండదెబ్బకు ఒడలంతయు కమిలి ఆయన మంచము పట్టెను. అయినను ఆ ఉత్సాహము చల్లారలేదు. ఆ క్రీడనుగూర్చి ఆయన వ్రాసిన వ్యాసము అమెరికా పాఠకులలో వ్యాపించి, మరుగున పడబోవుచున్న ఒక విద్యకు మరల పేరు తెచ్చెను. మరుసటి సంవత్సరము ఫోర్డు వైకీకీలో ఔట్‌రిగ్గరు కెనూ క్లబ్బును స్థాపించెను.

ఇంతకంటె నాకు హృద్యముగా తోచునది 1922 నాటి కథ. అపరాధపరిశోధక నవలల రచనలో అప్పుడప్పుడే పేరు సంపాదించుకొనుచున్న అగాథా క్రిస్టీయు, ఆమె భర్త ఆర్చీయు, లండను నగరమున జరుగనున్న బ్రిటిషు సామ్రాజ్య ప్రదర్శనము పనిమీద భూగోళయాత్రకు వెడలిరి. బిడ్డను ఇంటిలో బంధువుల కప్పగించి వెళ్ళిరి. దక్షిణాఫ్రికాలోని మ్యూజెన్‌బర్గు సముద్రతీరమున సన్నని చెక్కపలకలపై మొదట అలల రుచి మరగి, పిమ్మట దారిలో లభించిన సెలవును హోనొలూలూలో గడపిరి. పగడపు రాళ్ళకు పాదములు చీరుకొనిపోయినను, ఎండకు చర్మము ఊడిపోయినను, చేతిలోని ధనము కరగిపోవుచున్నను వారు మానలేదు. పెద్ద హోటలు భారము కాగా చిన్న బసకు మారిరేగాని సముద్రమును విడువలేదు. తుదకు అలపై నిలువబడి తీరమువరకు వచ్చుట సాధించిన క్షణముకంటె గొప్ప సుఖము లేదని ఆమె వృద్ధాప్యమున స్వీయచరిత్రలో సంతోషముగా చెప్పుకొన్నది.

ఈ రెండు జంటల యాత్రలలోను ఒక సామ్యము కలదు. వారికి కాలము పుష్కలముగా నుండెను, కాని అలను గూర్చిన సమాచారము లేకుండెను. ఓడ చేరిననాడు కెరటము లేచెనా, అది అదృష్టము. లేవకున్న, లేచువరకు ఉండవలసినదే. కావున ఆ కాలమున ఆకస్మికముగా తీసికొను నిర్ణయము బయలుదేరుటనుగూర్చి కాదు, ఉండిపోవుటనుగూర్చి. దీనికి బాలీద్వీపమునకంటె మంచి సాక్ష్యము వేరొకటి లేదు.

హాలీవుడ్డులో చలనచిత్ర నిర్మాణమున పనిచేయుచుండిన రాబర్టు కోకును, చిత్రలేఖకురాలైన లూయిస్ గారెట్టును 1936లో తూర్పుదేశములు తిరుగుచు, నాడు డచ్చివారి పాలనలో నున్న బాలీకి వచ్చిరి. కూతా అను పల్లెకడ, కొబ్బరితోపులకును సముద్రమునకును నడుమ, ఎవరును పట్టించుకొనని పొడవైన ఇసుకతీరమును చూచిరి. ఆ చూపుతో వారి ప్రయాణము తారుమారయ్యెను. తిరిగిపోవుటకు మారుగా, వెదురుతోను గడ్డితోను కుటీరములు కట్టించి అక్కడనే కూతా బీచ్ హోటలును తెరచిరి. రాబర్టు హవాయిలో చిత్రనిర్మాణపు రోజులలో బోర్డుపై నిలుచుట నేర్చియుండెను. కావున వైకీకీ తీరున బోర్డులు సమకూర్చి తానాడుటయేగాక, అతిథులకును కూతా బాలురకును నేర్పెను. బాలీలో తరంగక్రీడ వారితోనే మొదలయ్యెనని చరిత్రకారులు చెప్పుదురు. 1942లో జపానుసేనలు సమీపించుటతో ఆ ఇరువురును దీవి విడిచిపోయిరి. యుద్ధానంతరము రాబర్టు మరల వచ్చి చూచునప్పటికి హోటలు లేదు. ఆ సంవత్సరముల కథను లూయిస్ వ్రాసియుంచగా అది 1987లో గ్రంథముగా వెలువడెను. ఆ పుటలలో హోటలు లెక్కలును, పనివారితో పొరపొచ్చెములును, సముద్రపు ఆటలును ఒకదానిలో నొకటి కలిసిపోయి, ఇరువురు కలిసి ఒక తీరమును ప్రేమించుట ఎట్టిదో స్పష్టముగా తెలియును. బాలీకి పోవు ప్రతిజంటయు దానిని చదువవలెనని నా కోరిక.

కోకుల హోటలును మాపిన యుద్ధమే అలలను ముందుగా తెలిసికొను విద్యను పుట్టించెను. శత్రుతీరములలో సైనికులను దింపవలసియుండగా, ఒడ్డున విరుగు కెరటముల యెత్తును ముందుగా గణించుట ప్రాణప్రశ్నమయ్యెను. కాలిఫోర్నియాలోని స్క్రిప్సు సముద్రశాస్త్ర సంస్థలో నార్వే దేశీయుడు హెరాల్డు స్వెర్‌డ్రుపును, వియన్నాలో జన్మించిన ఆయన శిష్యుడు వాల్టరు మంకును గాలి వేగము, అది వీచు కాలము, వీచు దూరము అను మూడింటినుండి అలను గణించు పద్ధతిని రూపొందించి సైనిక వాతావరణాధికారులకు బోధించిరి. 1944 జూన్ 6న నార్మండీ తీరమున సేనలు దిగుటకు ఆ విద్య తోడ్పడెను. 1963లో మంకు తన సహచరులతో న్యూజీలాండు మొదలు అలాస్కావరకు పసిఫిక్ పొడవునను గమనకేంద్రములను నిలిపి, దక్షిణధ్రువ సముద్రమున తుపానులో పుట్టిన తరంగములు భూమధ్యరేఖను దాటి, వేలకొలది కిలోమీటర్లు పయనించి, ఉత్తరపుటొడ్డున విరుగుటను కొలిచి చూపెను. తుపాను ప్రాంతమును దాటివచ్చిన దీర్ఘతరంగములు త్రోవలో కోలుపోవు శక్తి స్వల్పమే.

ప్రయాణపు తొందరయొక్క రహస్యమంతయు ఇక్కడనే యున్నది. ఒక శిఖరము దాటిన పిమ్మట మరియొకటి వచ్చుటకు 18 సెకనులు పట్టు తరంగసమూహము నడిసముద్రమున గంటకు దాదాపు 50 కిలోమీటర్ల వేగమున సాగును. హిందూమహాసముద్రపు దక్షిణాంచలమున ప్రచండవాయువులు లేపిన అట్టి తరంగములు బాలీ చేరుటకు నాలుగైదు దినములు పట్టును. ఆ తుపాను పుట్టబోవుచున్నదని వాతావరణ గణితము మరికొన్నాళ్ళు ముందుగా సూచింపగలదు. అంతకుమించి గడువు లేదు. మూడు నెలలముందు టిక్కెట్లు కొన్నవారికి ఋతువు తెలియునేగాని ఆనాటి అల తెలియదు. వారము ముందు కొన్నవారికి అలయు తెలియును. కావున ఈ ఒక్క విషయమున ఆలస్యముగా నిశ్చయించుకొనువారే ఎక్కువ వివేకముతో నిశ్చయించుకొన్నవారు.

ఈ జ్ఞానము సామాన్యులకు అందుటకు చాలకాలము పట్టెను. 1969లో బాలీ విమానాశ్రయము పెద్ద జెట్టు విమానములకు సిద్ధమయ్యెను. రెండేండ్లకు ఆస్ట్రేలియా చలనచిత్రకారులు ఉలువాటు కొండచరియ క్రింది మహాకెరటమును చిత్రీకరించి, 1972లో ‘మార్నింగ్ ఆఫ్ ది ఎర్త్’ అను చిత్రముగా లోకమునకు చూపిరి. ఇక అలలకై వచ్చువారు కొల్లలైరి. అయినను అల ఎప్పుడు వచ్చునో వారికింకను తెలియదు. 1985లో కాలిఫోర్నియాలో సర్ఫ్‌లైను అను సంస్థ టెలిఫోనులో అలల వార్తలు చెప్పసాగెను. దక్షిణార్ధగోళపు వాతావరణ పటములను రాత్రింబవళ్ళు చదివి భవిష్యత్తరంగములను చెప్పిన షాన్ కాలిన్సు దాని ఊతకోల. అది పిమ్మట కంప్యూటరులలోనికిని, నేడు అరచేతిలోని ఫోనులోనికిని వచ్చినది.

ఇరువురు కలిసి పోవునప్పుడు అలయెత్తు ఒక్కటియే చాలదు. ఒకరు ఆరితేరినవారై, వేరొకరు ఇంకను నీటికి జంకువారైనచో, ఆ యిద్దరికిని తగిన తీరము కావలెను. వైకీకీకి అంత కీర్తి వచ్చుటకు ఇదియొక కారణమని నా అభిప్రాయము: అక్కడి నిడుపైన, మెత్తని కెరటములు నేర్చువారిని తరుమవు. బాలీలో కూతాకడ అడుగున ఇసుక, ఉలువాటులో పగడపురాయి. రెంటికిని నడుమ కొద్ది దూరమే. ఏప్రిలునుండి అక్టోబరువరకు ఆగ్నేయపు గాలి ఆ పడమటితీరమున నేలవైపునుండి వీచి అలముఖమును నున్నగా నిలుపును. వానకాలమున గాలి మారగా తూర్పువైపుననున్న నూసాదువాకు పోవలెను. శ్రీలంకలోను ఇట్టి మార్పు కలదు. వేసవినుండి శరత్తువరకు తూర్పున ఆరుగంబే, చలికాలమున దక్షిణమున వెలిగమ. ఇవి ఎరిగిన జంటకు ప్రతి మాసమునను ఎక్కడనో ఒకచోట సముద్రము అనుకూలముగానే యుండును. బోర్డులు మోసికొని పోనక్కరలేదు. తీరముననే బాడుగకు దొరకును. ఒకరి సాహసమునకు రెండవవారు అలసిపోకుండ, ఒకరి భయమునకు రెండవవారి సెలవు వృథాకాకుండ చూచుకొనుటయే ఈ యోజనలో కష్టమైన భాగము. క్రిస్టీ దంపతులు దానిని చక్కగా నెరవేర్చుకొనిరి.

మన తెలుగుదేశమునకును ఈ విద్యతో సంబంధము కలదు. సముద్రమునకు సుదూరమైన హైదరాబాదులో 1999లో నెలకొల్పబడిన భారత జాతీయ సముద్ర సమాచార సేవాకేంద్రము, హిందూమహాసముద్రమందలి అలల యెత్తును, దిశను, వ్యవధిని గణించి ప్రతిదినమును ప్రకటించుచున్నది. దక్షిణసముద్రపు తుపానునుండి వచ్చి, స్థానికముగా గాలియైన లేకుండగనే కేరళ తీరమును ముంచు ఉబుకునీటినిగూర్చి హెచ్చరించునదియు ఆ కేంద్రమే. బాలీ టిక్కెట్లు కొనుటకు ముందు విశాఖపట్టణపు జంట చూచుకొనవలసిన అంకెలును, తెప్ప దింపుటకు ముందు భీమునిపట్టణపు జాలరి తెలిసికొనవలసిన అంకెలును ఆ పట్టికలలో నున్నవే.