'తులసిదళం' యండమూరి: చేతబడి సీరియల్‌తో ఇంటింటికీ.. చర్చ మాత్రం ఇంకా ఆగలేదు!

తెలుగులో హారర్ అనగానే ముందుగా గుర్తొచ్చే పేరు యండమూరి వీరేంద్రనాథ్. 1948 నవంబర్ 14న రాజోలులో పుట్టారు. చదివింది చార్టర్డ్ అకౌంటెన్సీ. కథలు, నాటకాలు కూడా రాసిన ఆయనకు పెద్ద పేరు తెచ్చింది మాత్రం ఆంధ్రభూమి వారపత్రికలో వచ్చిన 'తులసిదళం' సీరియల్.

తులసి అనే చిన్నపాపపై చేతబడి.. ఇదే కథ. ఒకవైపు డాక్టర్లు, మరోవైపు మంత్రాలు. పాపను కాపాడింది ఏది అన్నది పాఠకుడికే వదిలేశారు. దీనికి కొనసాగింపుగా 'తులసి' నవల రాశారు. 1985లో కన్నడలో 'తులసిదళ', 1986లో తెలుగులో 'కాష్మోరా' సినిమాలొచ్చాయి. ఆయన పుస్తకాలను విజయవాడలోని నవసాహితి బుక్ హౌస్ ప్రచురిస్తోంది.

అయితే విమర్శలూ గట్టిగానే వచ్చాయి. ఇలాంటి రచనలు మూఢనమ్మకాలను పెంచుతాయంటూ రచయిత్రి రంగనాయకమ్మ 'తులసిదళం కాదు, గంజాయి దమ్ము' పేరుతో ఏకిపారేశారు.

ఆ ప్రశ్న ఇప్పటికీ అలాగే ఉంది. కోనసీమలోని రాజోలు నుంచి మహబూబాబాద్ జిల్లా తొర్రూరు దాకా చేతబడి మాట వినని ఊరుండదు. నవల చదివి భయపడితే ఒక రాత్రి నిద్ర పోతుంది, అంతే. కానీ మంత్రాలు చేస్తున్నారన్న అనుమానంతో మనుషులను కొట్టడం, చంపడం తెలంగాణ పల్లెల్లో ఎన్నోసార్లు జరిగింది. అలా ఎవరినైనా వేధిస్తుంటే వెంటనే 112కు ఫోన్ చేయాలి.

తర్వాతి కాలంలో యండమూరి 'విజయానికి ఐదు మెట్లు' లాంటి వ్యక్తిత్వ వికాస పుస్తకాల వైపు మళ్లారు. అయినా 'తులసిదళం' పేరు మాత్రం ఆయన్ను వదల్లేదు.