డూరిన్ మళ్లీ పుట్టాడట

జె.ఆర్.ఆర్. టోల్కీన్ కల్పించిన మిడిల్ ఎర్త్‌లో మరుగుజ్జు జాతికి ఏడుగురు మూలపురుషులు. అందరిలో పెద్దవాడు డూరిన్. ‘చావులేనివాడు’ అని అతనికి బిరుదు. అయితే అతను చనిపోయాడని, సమాధి మరుగుజ్జుల భూగర్భ రాజ్యమైన ఖజద్-దూమ్‌లో ఉందని ఆ బిరుదు చెప్పిన చోటే ఉంది. ఈ రెంటికీ పొత్తు కుదిర్చేది ఒక నమ్మకం: డూరిన్ తన వంశంలోనే మళ్లీ మళ్లీ పుడతాడని. పాఠకుల్లో చాలామంది దీన్ని ఆ లోకంలో నిజంగా జరిగిన సంగతిగానే చెప్పుకుంటారు. మూలపాఠాలు పక్కన పెట్టుకుని చూస్తే అంత ధీమా కుదరదు.

ముఖ్యమైన ఆధారం 1955లో వచ్చిన ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ చివరి సంపుటం ‘ది రిటర్న్ ఆఫ్ ది కింగ్’ అనుబంధాల్లో ఉంది. మూలపురుషుడిని అచ్చుగుద్దినట్టున్న వారసుడు ఐదుసార్లు పుట్టాడని, అందుకే ఆ పేరు పెట్టారని అక్కడ ఉంది. ఇంతవరకు కథకుడు తన మాటగానే చెబుతాడు. ‘అతనే తిరిగి వచ్చాడు’ అనేదాన్ని మాత్రం మరుగుజ్జుల నమ్మకంగా చెప్పి, తమ గురించి వాళ్లకు ఇలాంటి వింత నమ్మకాలు చాలానే ఉన్నాయని చేర్చి తప్పుకుంటాడు. తెలుగులో ఈ పనికి ఒక్క ‘ట’ చాలు: పుట్టాడట. ఆ ‘ట’ తీసేసి చదవడమే చిక్కంతా.

ఇక పోలిక సంగతి. ఎవరు, దేనితో పోల్చి చూశారో అనుబంధం చెప్పదు. మొదటి డూరిన్ పోయింది ప్రాచీన యుగాలు ముగియక ముందే. ఆరో డూరిన్ బాల్రోగ్ అనే అగ్నిభూతం చేతిలో హతమైంది తృతీయ యుగం 1980లో. ఈ మధ్యలో గడిచినవి వేల ఏళ్లు. పోలిక చూసి పేరు పెట్టారు. ఆ పేరే పోలికకు రుజువైందేమో అని నా అనుమానం. మన ఇళ్లలో తాత పేరు పెట్టిన మనవడిని చూసి ‘ముక్కు అచ్చం ఆయనదే’ అనేవాళ్లు ఉంటారు. మామగారి పేరు నోటితో అనలేక ఆ పిల్లాణ్ని ‘బాబూ’ అని పిలిచే కోడళ్లూ ఉండేవారు. అంత గౌరవం ఇచ్చినా, తాతే దిగివచ్చాడని ఎవరూ ఆస్తి పత్రాల్లో రాయించరు.

1977 నాటి ‘సిల్మరిలియన్’లోనూ ఇదే జాగ్రత్త కనిపిస్తుంది. మరుగుజ్జులు చనిపోతే పుట్టిన మట్టిలో, రాతిలో కలిసిపోతారని ఎల్ఫ్‌లు అనుకునేవారు. తమను చేసిన ఔలె తమ కోసం వేరే మందిరాలు ఉంచాడని, ఏడుగురు తండ్రులు తమ సంతతిలోనే తిరిగి బతుకుతారని మరుగుజ్జుల మాట. రెండూ పరుల మాటలుగానే నమోదయ్యాయి. రచయిత కుమారుడు క్రిస్టఫర్ 1996లో ప్రచురించిన చివరి కాలపు రాతల్లో కథ ఇంకో దారి పట్టింది. అక్కడ డూరిన్ శిశువుగా పుట్టడు. ఆత్మ తన దేహంలోనే నిద్రపోయి, అలసట తీరాక అదే రాజు లేచి వస్తాడు. మరి అప్పటికి గద్దె మీద ఉన్న రాజు మాటేమిటి? టోల్కీన్‌కూ ఈ సందేహం వచ్చింది. రాజుకు కొడుకు లేనప్పుడే అలా జరిగేదేమో అని రాసుకున్నాడు. తన కల్పనను తానే అడ్డంగా ప్రశ్నించుకున్న ఈ తీరు నాకు ముచ్చటగా అనిపిస్తుంది. 2022లో మొదలైన ‘ది రింగ్స్ ఆఫ్ పవర్’ ధారావాహిక తండ్రినీ కొడుకునూ ఒకే కాలంలో డూరిన్‌లుగా చూపించింది. దాన్ని సాక్ష్యంగా తీసుకోలేం.

కంటితో చూసిన సాక్ష్యం ఒకే ఒక్కటి ఉంది. డూరిన్ తొలిసారి ఖెలెద్-జారం సరస్సులోకి వంగి చూసినప్పుడు తల చుట్టూ ఏడు నక్షత్రాల కిరీటం కనిపించిందని ఐతిహ్యం. 1954లో వచ్చిన ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ తొలి సంపుటంలో గిమ్లి అనే మరుగుజ్జు ఆ సరస్సును చూపించడానికి హాబిట్ అయిన ఫ్రోడోను తీసుకువెళతాడు. ఫ్రోడో సేవకుడు శామ్ వెనకే వెళతాడు. పైన ఎండ కాస్తోంది, నీటి అడుగున చుక్కలు మెరుస్తున్నాయి, వంగి చూస్తున్న వాళ్ల నీడ మాత్రం నీళ్లలో లేదు. ఏం చూశావని తోటి హాబిట్ పిప్పిన్ అడిగితే, ఆలోచనలో మునిగిన శామ్ జవాబివ్వడు. కథలో ఈ వృత్తాంతాన్ని గ్రంథస్థం చేసింది ఫ్రోడోనే కాబట్టి ఇది బలమైన సాక్ష్యమే. కానీ దీంతో తేలేది సరస్సు మహిమ మాత్రమే; డూరిన్ రాక కాదు.

ఐతిహ్యం కాలంతో పెరిగిందనడానికీ ఆనవాళ్లున్నాయి. 1937 నాటి ‘ది హాబిట్’ తొలి ముద్రణలో మరుగుజ్జు జాతులు రెండే. డూరిన్ అందులో ఒకదానికి ఆదిపురుషుడు. తర్వాతి ముద్రణల్లో అది అన్నిటికన్నా పెద్ద జాతిగా మారింది, ఆ నవలలోని మరుగుజ్జుల నాయకుడు థోరిన్ అతని వారసుడయ్యాడు. పేరు కూడా టోల్కీన్ సొంతం కాదు. ప్రాచీన నార్స్ కావ్యం ‘వోలుస్పా’లోని మరుగుజ్జుల జాబితాలో మోత్సోగ్నిర్ మొదటివాడు, డూరిన్ రెండోవాడు. పునర్జన్మ ఊసు అక్కడ లేదు.

కథలోపల చూసినా ‘డూరిన్’ అసలు పేరు కాదు. అది ఉత్తరాది మనుషుల భాషలోంచి తీసుకున్న పైపేరు. మరుగుజ్జులు తమ లోపలి పేర్లను పరజాతివారికి చెప్పరు, సమాధుల మీదా చెక్కరు. ఖజద్-దూమ్‌కే మరో పేరైన మోరియాలో గిమ్లి బృందం చూసిన బాలిన్ అనే మరుగుజ్జు సమాధి మీద ఉన్నదీ పైపేరే. ఖజద్-దూమ్‌లో డూరిన్ సమాధిని ఎవరైనా వెతికి పట్టుకున్నా, లోపల ఉన్నదెవరో రాయి చెప్పదు.