పెట్రోలు ధర: నేలలోని చమురు, పాలకుల విధానం

స్వదేశంలో చమురు పుష్కలంగా లభిస్తే పెట్రోలు చౌకవుతుందన్న వాదనను నార్వే, వెనెజులాల చరిత్ర సమర్థించదు. ఈ రెండూ చమురు ఎగుమతి దేశాలే. 1969లో ఉత్తర సముద్రంలోని ఎకోఫిస్క్ వద్ద భారీ నిక్షేపం బయటపడినా, నార్వే పెట్రోలుపై అధిక పన్నులను కొనసాగించింది. చమురు రాబడిని భావితరాలకు భద్రపరిచే నిధి కోసం 1990లో చట్టం చేసింది. 1976లో చమురు పరిశ్రమను జాతీయం చేసిన వెనెజులా మాత్రం పెట్రోలును ప్రజలకు అతి చౌకగా అందించింది. కాలక్రమంలో ఆ చౌకధర ప్రజల దృష్టిలో హక్కుగా స్థిరపడింది. 1989 ఫిబ్రవరిలో ప్రభుత్వం ధర పెంచగా బస్సు ఛార్జీలు పెరిగి, కారకాస్‌లో అల్లర్లు చెలరేగాయి. వాటి అణచివేతలో వందలాది మంది మరణించారు. ముడిచమురుకు అంతర్జాతీయ విపణి ఒకటే. బంకు వద్ద కనిపించే వ్యత్యాసం ప్రధానంగా పన్నులది, రాయితీలది. అందువల్ల దేశీయోత్పత్తి ఎంత పెరిగినా, ఆ సంపదను నేటి వినియోగదారునికి పంచాలా, రేపటి పౌరునికి మిగల్చాలా అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది.