అచ్చోసిన ఆంబోతు కథ

పనీపాటా లేకుండా ఊరి మీద తిరిగేవాణ్ణి 'అచ్చోసిన ఆంబోతు' అని తిడతాం. ఆంబోతు తరఫున వాదించేవాడెవడూ లేకపోబట్టి ఆ మాట అలా చెల్లిపోయింది. ఒంగోలు గిత్త పేరు సముద్రాలు దాటిందంటే, అందులో పెద్దవాటా ఆ పనిలేని ఆంబోతుదే.

ఇంటిపెద్ద కాలం చేస్తే, కలిగిన రైతు ఆయన పేరిట ఒక కోడెదూడను దేవుడికి వదిలేవాడు. కంటికి కనపడినదాన్ని కాదు. తల్లి పాడి ఎంత, మూపురం నిలిచిందా, నడక ఎలా ఉంది అని ఊరి పెద్దలు చూసి సరేనన్న దూడనే. తొడ మీద శూలమో చక్రమో కాల్చి అచ్చు వేసేవారు. ఆపైన దానికి కాడి లేదు, పలుపు లేదు. ఏ చేలో పడి మేసినా కర్ర ఎత్తకూడదు. ఎదకొచ్చిన ఆవు ఎవరిదైనా సరే, ఆ బాధ్యత దానిది. మిగతా కోడెలు విత్తు కొట్టించుకుని కాడి కిందికి పోయేవి. ఆచారం దేశంలో చాలాచోట్ల ఉన్నదే. కానీ దూడను ఎంచడంలో ఒంగోలు సీమ రైతుకున్న పట్టింపు వేరు. పశువైద్య కళాశాలలు ఇవాళ పాఠంగా చెప్పేదాన్ని వాళ్ళు పితృకార్యంలో కలిపేశారు. ఖర్చు మాత్రం ఊరంతా పంచుకుంది, గడ్డి రూపంలో.

ఆ సీమ ఒంగోలు, అద్దంకి, కందుకూరు ప్రాంతాలు, గుండ్లకమ్మ చుట్టుపక్కల పల్లెలు. నల్లరేగడి నేల తడిస్తే జిగురు, ఎండితే రాయి. అందులో నాగలి దిగాలంటే బలమైన జత కావాలి. మేపడానికి జొన్న చొప్ప ఉంది. అలా తయారైంది ఈ పశువు: తెల్లటి ఒళ్ళు, నల్లటి ముట్టె, నల్లటి తోకకుచ్చు, పొట్టి కొమ్ములు, ముందుకాళ్ళ దాకా మడతలు మడతలుగా వేలాడే గంగడోలు. ఎదిగిన గిత్త అయిదారు వందల కిలోలు తూగుతుంది. తెల్లటి వెంట్రుకల కింద చర్మం నలుపు, ఎండను తట్టుకోవడానికి.

పాలు? ఈతకు సగటున 700, 800 కిలోలు. పాలకేంద్రం లెక్కలో ఇది చిన్న అంకె. కానీ దూడకు రెండు చన్నులు వదిలేసే ఇంట్లో ఆ లెక్క వేయకూడదు. మంచి కోడెదూడ ఎదిగాక తెచ్చే ధర ముందు బిందెడు పాలు ఏపాటి? రైతు పాలను దూడలో దాచుకున్నాడు.

బ్రెజిల్‌లో దీని పేరు నెల్లోర్. ఒంగోలు 1904 వరకూ నెల్లూరు జిల్లాలోనే ఉండేది, ఆ ఏడు కొత్తగా ఏర్పడ్డ గుంటూరు జిల్లాలోకి వెళ్ళింది. ఇక్కడ జిల్లా మారినా అక్కడ పేరు మారలేదు. 1868లో ఒక ఓడ సాల్వడార్ రేవులో ఆగినప్పుడు ఒక జత అక్కడ అమ్ముడుపోయిందని వాళ్ళ చరిత్ర. పదేళ్ళకు, 1878లో, లెమ్‌గ్రూబర్ అనే బ్రెజిల్ పశుపోషకుడు జర్మనీలోని హాంబర్గ్ జంతుప్రదర్శనశాలలో ఇంకో జతను చూసి మనసు పడి కొనుక్కుపోయాడు. జూలో వింతగా నిలబెట్టిన మన ఎద్దు! జాతిని మలిచిన ముఖ్యమైన ఎగుమతులు 1960ల మొదట్లో. 1962లో వెళ్ళిన గిత్తల్లో ఒకదాని పేరు కర్వాది. ఒంగోలు పక్కనున్న కరవది ఊరిపేరే అది. నేటి నెల్లోర్ వంశావళుల్లో ఆ పేరు మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది.

డచ్చివాళ్ళ కాలంలో ఈ జాతి ఇండోనేషియాలోని సుంబా దీవికీ పోయింది. అమెరికా బ్రాహ్మన్ జాతిలోనూ దీని రక్తం కలిసింది.

2023లో బ్రెజిల్‌లో వియాటినా-19 అనే నెల్లోర్ ఆవులో మూడోవంతు వాటాను వేలం వేశారు. ఆ ధరను బట్టి కడితే ఆవు మొత్తం విలువ 40 లక్షల డాలర్లు దాటింది. వార్త వచ్చినప్పుడు 'మన ఆవే' అని మురిసిపోయాం. అక్కడ ఈ జాతిని పెంచేది మాంసానికని మాత్రం ఎవరూ గట్టిగా అనలేదు. దున్నడం, పాలివ్వడం అక్కడ ఎవరూ అడగరు. నిజానికి ఇక్కడా అడగడం తగ్గింది. దుక్కి ట్రాక్టరుకు, పాలు గేదెకూ జెర్సీకీ పోయాయి. గిత్త సత్తా చూడాలంటే ఇప్పుడు బండలాగుడు పోటీలకు వెళ్ళాలి. రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అని విభాగాలు కట్టి, బండ ఎన్ని అడుగులు కదిలిందో కొలుస్తారు. గుంటూరు దగ్గర లాం ఫారం, ప్రకాశంలో చదలవాడ, నెల్లూరులో చింతలదేవి పశుక్షేత్రాలు జాతిని నిలబెడుతున్నాయి.

ఇప్పుడు ఊరిమీద ఆంబోతు లేదు. ఆవు ఎదకొస్తే సూది వేసే మనిషికి ఫోను చేస్తాం. ఆయన ద్రవ నత్రజని డబ్బా మూత తీస్తాడు. పొగలు కక్కే ఆ చలిలోంచి సన్నటి గొట్టం ఒకటి పైకి లాగుతాడు. దాని మీద గిత్త నంబరు, జాతి పేరు చిన్న అక్షరాల్లో అచ్చు వేసి ఉంటాయి.